గిరీశం మాట, మధురవాణి చేత

ఒక దురాచారాన్ని ఖండించడానికి పుట్టిన నాటకం ఆ దురాచారంతోపాటే గతించడం సాహిత్య చరిత్రలో తరచు కనిపించే విషయం. రోగం తగ్గిన తరువాత మందుసీసాను ఎవరూ దాచుకోరు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మాత్రం ఈ నియమానికి లొంగలేదు. ఆడపిల్లను వెలకు అమ్మే ఆచారం తెలుగుదేశపు అగ్రహారాలలో ఏనాడో మాసిపోయింది. అయినా 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కి, 1897లో అచ్చయి, 1909లో మరో నాటకమా అన్నంతగా పెరిగి వెలువడిన ఆ కృతి నేటికీ పాఠకులను వదలలేదు. దీనికి కారణం హాస్యమని కొందరు, భాష అని కొందరు అంటారు. రెండూ సత్యాలే; కాని చాలవు. నాటకం చెప్పదలచిన విషయానికీ, ఆ విషయాన్ని మోసే పాత్రలకూ మధ్య గురజాడ కల్పించిన సంబంధం విలక్షణమైనది. ఈ నాటకంలో సంస్కరణ వాక్యాలు పలికేవాడొకడు. సంస్కరణ కార్యం నెరవేర్చేది మరొకరు. కన్యాశుల్కపు దీర్ఘాయువు రహస్యం ఈ ఎడబాటులో ఉన్నది.

నాటకానికి ఆధారమైన వాస్తవం భయంకరమైనది. తొలి కూర్పుకు ఆంగ్లంలో రాసిన పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు చూపినాడు. విజయనగర మహారాజు ఆనంద గజపతి విశాఖపట్టణం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల పట్టిక తయారు చేయించగా 1,034 వివాహాలు తేలినవి. వధువులలో 99 మంది అయిదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఇటువంటి అంకెలు చేతిలో ఉన్న రచయిత శోకనాటకం రాయడం సహజం. గురజాడ నవ్వించే నాటకం రాసినాడు. అమ్ముడుపోబోయే సుబ్బి రంగంమీద కనిపించేది అత్యల్పం. ముసలివానికి అమ్ముడై వితంతువైన ఆమె అక్క బుచ్చమ్మ తన దుఃఖాన్ని వర్ణించుకొంటూ కూర్చోదు. బాధితుల విలాపానికి బదులు బాధించేవారి బేరాలు, లెక్కలు, వ్యాజ్యాలు రంగాన్ని ఆక్రమించుకొంటాయి. అగ్నిహోత్రావధానులకు కూతురి పెండ్లి కోర్టు ఖర్చులకు సొమ్ము సమకూర్చుకొనే మార్గం. లుబ్ధావధానులకు అది ఒక కొనుగోలు. అంతకన్న చవకగా మరో పిల్ల దొరుకుతుందనగానే కుదిరిన సంబంధాన్ని వదులుకొంటాడు. వీరిద్దరూ రాక్షసులు కారు. తమ పని తాము చేసుకొంటున్నామనుకొనే సామాన్యులు. దురాచారం క్రూరుల చేతిలోకన్న సామాన్యుల చేతిలోనే క్షేమంగా ఉంటుందన్న ఎరుక ఈ పాత్రకల్పనకు మూలం.

ఇక సంస్కరణ పదజాలమంతా గిరీశం నాలుకమీద ఉన్నది. వితంతు వివాహం మొదలు జాతీయ మహాసభ వరకు దేనిమీదనైనా అతడు ఉపన్యసించగలడు. పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేసి, అప్పులవారికి ముఖం చాటువేసి, శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరిన ఈ పెద్దమనిషికి సంస్కరణ ఒక ఉడుపు. బుచ్చమ్మ ముందు ఆ ఉడుపు తొడుగుతాడు. అవధానులు ముందు విప్పి ఆచారపరుడి ఉడుపు వేసుకొంటాడు. బాల్యవివాహాలు ఉంటేనే బాలవితంతువులు ఉంటారు, వారు ఉంటేనే వితంతు వివాహాలకు అవకాశం అన్న ధోరణిలో అతడు చేసే వాదం వినగానే నవ్వు వస్తుంది. నవ్వు ఆగిన తరువాత జంకు కలుగుతుంది. మంచి మాటలన్నీ చెక్కుచెదరకుండా ఉండగానే వాటి ప్రయోజనం తలకిందులు కావచ్చునని తెలిసివస్తుంది.

గిరీశానికి ఎదురుగా నిలిచినవాడు సౌజన్యారావు పంతులు. ఇతడు నిజాయితీపరుడైన వకీలు. వితంతు వివాహాన్ని, వేశ్యావృత్తి నిర్మూలనను త్రికరణశుద్ధిగా నమ్మినవాడు. గురజాడ ఇతనిని పరిహసించలేదు. కాని ఇతని మంచితనానికి ఒక గుడ్డితనం ఉన్నదని చూపినాడు. సంస్కరణ మాటలు మాట్లాడుతున్నాడు గనుక గిరీశాన్ని నమ్మినాడు. వేశ్య గనుక మధురవాణి ముఖం చూడరాదనుకొన్నాడు. ఒకచోట మాటను చూసి మనిషిని ఆదరించినాడు. మరొకచోట పుట్టుకను చూసి మనిషిని తిరస్కరించినాడు. రెండుచోట్లా పొరబడినాడు. చెడ్డవాని కపటాన్ని ఎండగట్టడం ఏ ప్రహసనకర్తకైనా సాధ్యమే. తాను గౌరవించే సంస్కర్తలో ఈ లోపాన్ని చూడడానికి గట్టి గుండె కావలె.

కథను ముందుకు నడిపేది మధురవాణి. మేనకోడలు సుబ్బిని రక్షించుకోవడానికి కరటక శాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టే పన్నాగం ఆమె సహాయం లేకుండా సాగదు. ఆ మాయపెండ్లికూతురు అదృశ్యమై, హత్యానేరం ముసలివాని మెడకు చుట్టుకొన్నప్పుడు, నిజం చెప్పగలిగినది కూడ ఆమే. పురుషవేషంలో ఆమె సౌజన్యారావు ఇంటికి వచ్చే ఘట్టం నాటకానికి హృదయస్థానం. తన సహాయానికి వెలగా ఆమె ఒక ముద్దు కోరుతుంది. ఒక నిరపరాధిని కాపాడడానికి తన నియమాన్ని భంగపరచుకోవలెనా అని సంస్కర్త తర్కించుకొంటాడు, చివరకు ఒప్పుకొంటాడు. అప్పుడు ఆమే వారిస్తుంది. చెడనివారిని చెడగొట్టరాదన్నది తల్లి తనకు నేర్పిన నీతి అంటుంది. నియమం ఎవరికి ఉన్నదో, దానిని కాపాడినది ఎవరో ఆ క్షణాన తేలిపోతుంది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. ఆమె అతనికి గిరీశం నిజస్వరూపం ఇస్తుంది. ఎవరి కానుక విలువైనదో నాటకకర్త చెప్పడు.

ఇక్కడితో ఆగినా నాటకం గొప్పదే అయ్యేది. గురజాడ మరొక ముడి వేసినాడు. గిరీశం మాట బూటకమే. కాని బుచ్చమ్మ తండ్రి గడప దాటినది ఆ బూటకపు మాట వల్లనే. మోసగానితో బయలుదేరిన ఆమె పూనాలోని వితంతు శరణాలయానికి దారి పట్టడంతో కథ ముగుస్తుంది. అబద్ధికుని నోట పడినంతమాత్రాన సత్యం అసత్యం కాలేదు. దాని ఫలం అతనికి మాత్రం దక్కలేదు. కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకమని పొగడేవారూ, సంస్కరణను వెక్కిరించిన నాటకమని తప్పుపట్టేవారూ ఈ ముడిని విడదీసి ఒక్కొక్క కొస పట్టుకొన్నవారే.

పొరుగు సాహిత్యంతో పోల్చినప్పుడు ఈ విశేషం మరింత స్పష్టమవుతుంది. కన్యాశుల్కం అచ్చయిన రెండేళ్ళకు, 1899లో, మరాఠీలో గోవింద బల్లాళ దేవల్ ‘సంగీత శారద’ వెలువడింది. సమస్య ఒకటే: ధనాశాపరుడైన తండ్రి కాంచనభట్టు తన బిడ్డను భుజంగనాథుడనే వృద్ధునికి ఇవ్వజూపుతాడు. అక్కడ కన్య శారదే నాయిక. ఆమె గోడు పాటలై ప్రేక్షకుని కరిగిస్తుంది. సంస్కారవంతుడైన యువకుడు కోదండుడు ఆమెను కాపాడి పెండ్లాడుతాడు. మాట, చేత రెండూ అతనియందే ఉన్నవి. ఆ నాటకం మరాఠీ రంగస్థలాన్ని దశాబ్దాలపాటు ఏలింది. దాని మేలును తక్కువచేయనక్కరలేదు. కాని అందులో ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలవవలెనో మొదటినుంచీ తెలుసు. కన్యాశుల్కంలో ప్రేక్షకుడు మోసగాని మాటలకు మురిసిపోతూ, వేశ్య చేతలకు తలవంచుతూ, మంచివాని తొందరపాటుకు నొచ్చుకొంటూ సాగవలసి ఉంటుంది. తీర్పు అతనికి ఎవరూ అందించరు.

తెలుగులోనే కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ మరొక ఉదాహరణ. బేరం అప్పటికి తలకిందులైనది. వెల ఇప్పుడు వరునిది. 1939లో సి. పుల్లయ్య దర్శకత్వంలో తెరకెక్కిన ఈ నాటకంలో కాళిందిగా భానుమతి తొలిసారి నటించింది. కాళింది ఆత్మత్యాగంలో ధర్మాగ్రహం నేరుగా పలుకుతుంది. ఆ నాటకం ప్రేక్షకుని కదిలించింది, కలవరపెట్టలేదు. అతడు కన్నీరు తుడుచుకొని తాను మంచివారి పక్షమేనన్న తృప్తితో ఇంటికి పోగలడు.

కన్యాశుల్కం 1955లో చలనచిత్రమైనప్పుడు ఈ భేదమే పరీక్షకు వచ్చింది. వినోదా సంస్థ పక్షాన డి. ఎల్. నారాయణ నిర్మించగా పి. పుల్లయ్య దర్శకత్వం వహించినాడు. ఏడంకాల నాటకాన్ని మూడు గంటలలోపు కుదించడం మొదటి చిక్కు. నటవర్గం రెండవది. ‘పాతాళభైరవి’ సాహసవీరుడిగా 1951లోనే జనహృదయంలో నిలిచిన ఎన్. టి. రామారావు గిరీశమైనాడు. నాయకునిపై ప్రేక్షకునికి సహజంగా ఉండే మమకారం ఒక మోసగానిపైకి ప్రసరించింది. ఇది నాటక స్వభావానికి విరుద్ధం కాదు. గిరీశం అంటే అయిష్టంగానైనా ఇష్టం కలగకపోతే బుచ్చమ్మ మోసపోవడానికి అర్థం లేదు. మధురవాణి పాత్ర సావిత్రిది. నాటకంలో స్వగతాల ద్వారా తెలిసే ఆమె అంతరంగం తెరమీద కంటిచూపులోకి, పెదవి విరుపులోకి మారింది. ఇది మాటను నమ్మరాదని చెప్పే నాటకం గనుక ఆమె మౌనం ఈ కృతికి తగిన భాష్యమే అయినది.

మూడవ మార్పు లోతైనది. గురజాడ రాసిన ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ను చిత్రంలో చేర్చినారు. వృద్ధునికి అమ్ముడై నీటిలో ప్రాణం విడిచిన పసిపిల్ల కథ అది. కన్యాశుల్కంలో రచయిత తెర వెనుక ఉంచిన కన్నీటిని సినిమా అదే కవి మరో కృతినుంచి తెచ్చుకొన్నది. దీనిని అపచారమనలేము, ఆచారం మరుగునపడిన తరువాతి తరానికి దాని దారుణం ఏమిటో చూపవలసిన అవసరం చిత్రకారులకు ఉన్నది. 1892 నాటి ప్రేక్షకుడు అటువంటి పిల్లను తన వీధిలోనే చూసి ఉండును. 1955 నాటివానికి అది వినికిడి. కాని ఆ చేర్పుతో తూకం మారినది. బాధితురాలు కనిపించగానే ప్రేక్షకునికి పక్షం దొరికింది. కన్యాశుల్కం కొంతవరకు శారదకు, వరవిక్రయానికి దగ్గరగా జరిగింది.

అనువాదంలో ఎదురయ్యే చిక్కు ఇంకొక రకమైనది. గిరీశం ఆయుధం ఇంగ్లీషు. తెలుగు వాక్యం మధ్య అతడు గుప్పించే ఇంగ్లీషు మాటలు వెంకటేశానికి విద్యగా, అవధానులుకు వ్యాజ్యబలంగా వినిపిస్తాయి. వాటి అర్థంకన్న మోతకే అక్కడ ప్రయోజనం. నాటకాన్ని ఇంగ్లీషులోకే తెచ్చినప్పుడు ఈ మోత చుట్టూ ఉన్న వాక్యంలో కలిసిపోయే ప్రమాదం ఉన్నది. వెల్చేరు నారాయణరావు 2007లో వెలువరించిన అనువాదం వంటి ఏ ప్రయత్నానికైనా ఇది తప్పని పరీక్ష. హిందీకో తమిళానికో తెచ్చేవారికి ఈ బాధ లేదు. ఆ భాషలలోనూ ఇంగ్లీషు మోతకు లొంగే అవధానులు ఉన్నారు.

వరకట్నాన్ని 1961లో చట్టం నిషేధించింది. బేరం మాత్రం ఆగలేదు. నేటి రచయిత ఆ బేరంమీద కలం పట్టినా, మరొక అన్యాయంమీద పట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సరియైన మాటలు ఎవరి నోట పెట్టవలె? సత్పాత్ర నోట పెడితే పాఠకుడు వెంటనే ఒప్పుకొంటాడు, ఒప్పుకొని మరచిపోతాడు. గురజాడ వాటిని గిరీశం నోట పెట్టి, పనిని మధురవాణి చేతిలో ఉంచి, వారిద్దరి మధ్య సౌజన్యారావును నిలబెట్టినాడు. తానే సౌజన్యారావునని చదువరి గుర్తించినంతకాలం ఆ నాటకానికి పని ఉంటుంది.