ఫోన్, పవర్ బ్యాంక్, అదనపు వారంటీ: ఒక కొనుగోలు లెక్క

వినియోగదారుడి హక్కులను గురించి చదివినప్పుడు అవి పెద్ద పెద్ద వివాదాలకు సంబంధించినవిగా అనిపిస్తాయి. నిజానికి వాటి అవసరం ఎక్కువగా పడేది చిన్న కొనుగోళ్లలోనే. అలాంటి ఒక కొనుగోలును ఈ భాగంలో మొదటి నుంచి చివరి దాకా పరిశీలిద్దాం.

డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఆన్‌లైన్ పాఠాలు వినడానికి ఫోన్ కొనాలనుకుంది. ఇంట్లో కూడబెట్టి ఇచ్చిన మొత్తం 12,000 రూపాయలు. జిల్లా కేంద్రంలోని దుకాణంలో 9,500 రూపాయల ఫోన్ నచ్చింది. బిల్లు రాసే ముందు సేల్స్‌మన్, "కవరు, గ్లాసు వేయించుకోండమ్మా, లేకపోతే వారంలోనే పగులుతుంది" అన్నాడు. దానికి 400 రూపాయలు. తరవాత, "ఇంకో 900 ఇస్తే ఇంకో ఏడాది వారంటీ వస్తుంది, రెండేళ్ల దాకా మీకు దిగులు లేదు" అన్నాడు. ఆమె దానికీ ఒప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర 600 రూపాయలకు ఒక పవర్ బ్యాంక్ కొన్నది. దాని మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంది. బిల్లు అడిగితే, "ఇంత చిన్నదానికి బిల్లేంటమ్మా, పాడైతే తీసుకురండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నాడు దుకాణదారు. పవర్ బ్యాంక్ నాలుగు నెలల్లో మూలపడింది. ఫోన్ పద్నాలుగో నెలలో ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో తెరిచి చూసి, "లోపల తడి తగిలింది, వారంటీలోకి రాదు, బాగు చేయడానికి 3,000 అవుతుంది" అన్నారు.

ఈ ఉదాహరణ కల్పితమే కాని, ఇందులోని మాటలు మీరు ఎక్కడో ఒక చోట విన్నవే అయి ఉంటాయి. ఆమె ఖర్చు పెట్టిన 11,400 రూపాయలకు అసలు ఏమేమి కొన్నదో చూద్దాం.

వారంటీ అంటే ఏమిటి?

వాడుకలో గ్యారంటీ, వారంటీ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. దుకాణదారులు మాత్రం గ్యారంటీ ఉంటే వస్తువు మార్చి ఇస్తామనీ, వారంటీ ఉంటే మరమ్మతు చేసి ఇస్తామనీ చెబుతారు. ఇది వ్యాపారంలో స్థిరపడిన వాడుక. వివాదం వచ్చినప్పుడు చూసేది ఆ పేరును కాదు, కార్డు మీద రాసిన షరతులను.

తయారీదారు ఇచ్చే వారంటీ పరిమితమైన వాగ్దానం. చాలా ఫోన్ కంపెనీలు ఫోన్‌కు ఏడాది, పెట్టెలో వచ్చే ఛార్జర్, కేబుల్ వంటి వాటికి ఆరు నెలలు వారంటీ ఇస్తాయి. అంటే ఒకే పెట్టెలో రెండు గడువులు ఉంటాయి. ఈ కాలంలో తయారీ లోపం బయటపడితే ఉచితంగా బాగు చేస్తారు. కింద పడి పగలడం, నీరు చేరడం, బయటి మెకానిక్ చేత విప్పించడం వంటివి తయారీ లోపాలు కావు కాబట్టి వాటికి వారంటీ వర్తించదు. నీటిని తట్టుకుంటుందని ప్రకటించిన ఫోన్ల విషయంలో కూడా చాలా కంపెనీలు తడి వల్ల కలిగే నష్టాన్ని షరతుల్లో మినహాయిస్తాయి. ప్రకటన ఒక పేజీలో, మినహాయింపు మరో పేజీలో ఉంటాయి.

పెద్ద అక్షరాలను, చిన్న అక్షరాలను కలిపి చదవాలని చెప్పడానికి ఫ్రిజ్ మంచి ఉదాహరణ. పదేళ్ల వారంటీ అని తలుపు మీద అంటించిన స్టిక్కరు సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే వర్తిస్తుంది. మిగతా ఫ్రిజ్‌కు ఉండేది ఏడాదే. గ్యాస్ నింపడం, కూలీ ఖర్చులు అందులో చేరతాయో లేదో కార్డు చూస్తేనే తెలుస్తుంది.

వారంటీ కార్డు లేనంత మాత్రాన కొనుగోలుదారుడికి ఏ రక్షణా లేదనుకోకూడదు. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, ఒక రకం వస్తువులను అమ్మే వ్యాపారి దగ్గర వర్ణనను బట్టి కొన్న వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది రాయకపోయినా ఉన్నట్టే భావించే షరతు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మరో అడుగు ముందుకు వేసింది. వ్యాపారి తన వస్తువుకు ఉందని చెప్పుకున్న ప్రమాణం లేకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో లోపమే. పవర్ బ్యాంక్ మీద అచ్చు వేసిన అంకె అలా చెప్పుకున్న ప్రమాణమే అవుతుంది.

పవర్ బ్యాంక్ మీది అంకె

ఈ అంకెను అర్థం చేసుకోవడానికి కొంచెం లెక్క అవసరం. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి లిథియం సెల్ సామర్థ్యం. ఆ సెల్ సగటు వోల్టేజి సుమారు 3.7 వోల్టులు. కాబట్టి అందులో నిల్వ ఉండే శక్తి 10 × 3.7, అంటే 37 వాట్ అవర్లు. కాని యూఎస్‌బీ ద్వారా బయటికి వచ్చేది 5 వోల్టుల దగ్గర. అదే శక్తిని 5తో భాగిస్తే 7,400 ఎంఏహెచ్ మాత్రమే వస్తుంది. వోల్టేజి పెంచడంలో కొంత శక్తి వేడిగా పోతుంది కనుక చేతికి అందేది ఇంకా తక్కువ. నాణ్యమైన పవర్ బ్యాంకుల మీద రేటెడ్ కెపాసిటీ అని చిన్న అక్షరాలతో మరో అంకె ఉంటుంది. కొనేటప్పుడు చూడవలసింది దాన్నే.

5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది. కాగితం మీద 37 వాట్ అవర్లతో దాన్ని రెండుసార్లు నింపవచ్చనిపిస్తుంది. దారిలో పోయే నష్టాల వల్ల అలా జరగదు. కాబట్టి రెండోసారి పూర్తిగా నిండలేదని మోసపోయామనుకోనవసరం లేదు. కొత్త పవర్ బ్యాంక్ ఒక్కసారి కూడా నింపలేకపోతే మాత్రం అనుమానించాలి.

సామర్థ్యం కన్నా ముఖ్యమైనది భద్రత. ఫోన్లు, పవర్ బ్యాంకులు, అడాప్టర్లు, లిథియం బ్యాటరీలు భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ నిర్బంధ రిజిస్ట్రేషన్ పరిధిలోకి వస్తాయి. ఈ పద్ధతికి మూలం 2012లో వెలువడిన ఉత్తర్వు. రిజిస్టరైన వస్తువు మీద ప్రమాణ చిహ్నంతో పాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేస్తే తయారీదారు వివరాలు కనిపిస్తాయి. సంఖ్య ఒక కంపెనీది, పెట్టె మీది పేరు మరొకరిది అయితే అక్కడే ఆగిపోవడం మంచిది. అయితే ఈ సంఖ్య భద్రతా పరీక్షకు సంబంధించినది. వస్తువు ఎన్నేళ్లు మన్నుతుందో అది చెప్పదు.

చేసి చూడండి: మీ ఇంట్లోని ఛార్జర్ల మీద ఆర్ సంఖ్య ఉందేమో వెతకండి. ఔట్‌పుట్ అని రాసిన చోట వోల్టులను ఆంపియర్లతో గుణించి వాట్లు కనుక్కోండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అయితే 10 వాట్లు. మీ ఫోన్ ఎన్ని వాట్ల ఛార్జింగ్‌ను స్వీకరిస్తుందో దానితో పోల్చండి. కొన్ని ఫోన్లకు ఇప్పుడు పెట్టెలో ఛార్జర్ రావడం లేదు కాబట్టి, కొనే ముందు ఫోన్ ధరకు ఆ ఖర్చును కలిపి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక బిల్లు సంగతి. 2019 చట్టంలోని 2(47) సెక్షన్ ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అంతే. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అవుతుందని కొందరు బెదిరిస్తారు. గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి కనుక, ఏ పేరుతోనైనా మొత్తం ఆ ధరను మించకూడదు. బస్టాండు దుకాణదారు మాట ఇచ్చాడు నిజమే. నాలుగు నెలల తరవాత ఆ మాటను నిరూపించే కాగితం ఆమె దగ్గర లేదు.

900 రూపాయల వాగ్దానం

అదనపు వారంటీ పేరుతో అమ్మే పథకాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పొడిగించిన వారంటీ. తయారీదారు వారంటీ ముగిశాక అవే షరతులతో మరికొంత కాలం కొనసాగుతుంది. రెండోది డ్యామేజ్ ప్రొటెక్షన్. పగలడం, తడవడం వంటి ప్రమాదాలకు ఇది వర్తిస్తుంది. రెండింటినీ కౌంటర్ దగ్గర వారంటీ అనే ఒక్క మాటతో అమ్ముతారు. మన విద్యార్థిని కొన్నది మొదటిది, ఆమెకు అవసరం పడింది రెండోది. మొదటి ఏడాది వర్తించని తడి, 900 కట్టినందువల్ల రెండో ఏడాది వర్తించదు కదా. సేల్స్‌మన్ అబద్ధం ఆడలేదు. ఏమి వర్తించదో చెప్పలేదు, అంతే.

సరైన పథకమే దొరికిందనుకున్నా, 900 రూపాయలు తగిన ధరేనా? పథకం ధరను సగటు మరమ్మతు ఖర్చుతో భాగించి చూడండి. 900ను 3,000తో భాగిస్తే 0.30 వస్తుంది. అంటే అలాంటి ప్రతి 100 ఫోన్లలో 30 ఫోన్లు ఆ రెండో ఏడాదిలోనే, అదీ తయారీ లోపం వల్లనే పాడైతేనే కొన్నవాళ్లకు సగటున డబ్బు తిరిగి వచ్చినట్టు. 10 ఫోన్లు పాడయ్యాయనుకుందాం. 100 మంది కట్టినది 90,000, మరమ్మతులకు పోయినది 30,000. మిగతా దానిలోంచి దుకాణం కమీషన్, పన్ను, నిర్వహణ ఖర్చులు, లాభం రావాలి. ఈ అంకెలు లెక్క పద్ధతి చూపడానికి తీసుకున్నవే. మీరు కొనబోయే వస్తువుకు మీ అంకెలు వేసుకోండి.

ఈ లెక్కను బట్టి అదనపు వారంటీ ఎప్పుడూ దండగే అని నిర్ణయించడం తొందరపాటు. బీమా కొనేవారు సగటున లాభం కోసం కొనరు, భరించలేని ఖర్చు ఒక్కసారిగా మీద పడకుండా ఉండటానికి కొంటారు. 60,000 రూపాయల టీవీలో ప్యానెల్ పోతే మరమ్మతు ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా వెళ్లవచ్చు. అక్కడ పథకాన్ని ఆలోచించవచ్చు. చవక వస్తువు విషయంలో ఆ 900ను పోస్టాఫీసులోనో బ్యాంకులోనో విడిగా ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఫోన్ పాడైతే అది మరమ్మతుకు కొంత ఆసరా, పాడుకాకపోతే మొత్తం మీదే. చేతిలో ఎప్పుడూ 3,000 ఉండని కుటుంబానికి ఈ సలహా అంత సులభం కాదని కూడా ఒప్పుకోవాలి.

తీసుకోవాలనే అనుకుంటే షరతుల కాగితాన్ని డబ్బు కట్టక ముందే అడగండి. పథకాన్ని ఇస్తున్నది తయారీదారా, దుకాణమా, వేరే సంస్థా అన్నది మొదట చూడాలి. రెండేళ్లు అన్నప్పుడు కొన్న రోజు నుంచి లెక్కా, మొదటి ఏడాది ముగిశాకా అన్నది తరవాత చూడాలి. కొన్న రోజు నుంచి అయితే అందులో ఒక ఏడాది మీకు ఎలాగూ ఉచితంగా ఉన్నదే. కొన్ని పథకాల్లో వస్తువు పాతబడే కొద్దీ చెల్లించే మొత్తం తగ్గుతుంది. మరికొన్నింటిలో ప్రతి మరమ్మతుకూ కొంత సొమ్ము మీరు కట్టాలి.

ఇన్ని చిక్కులున్నా జనం ఎందుకు కొంటారు? వస్తువు నాణ్యత గురించి అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియదు. దీన్ని సమాచార అసమానత అంటారు. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించాడు. ఆ అసమానతను తగ్గించే సాధనాల్లో గ్యారంటీని కూడా ఆయన పేర్కొన్నాడు. తయారీదారు తన సొంత ఖర్చుతో ఇచ్చే వారంటీ నాణ్యత మీద అతని నమ్మకాన్ని కొంతవరకు తెలుపుతుంది. విడిగా డబ్బు తీసుకుని ఇచ్చే వారంటీకి ఆ గుణం తక్కువ.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో మరో ఇబ్బంది ఉంది. మనం అడగకుండానే అదనపు వారంటీ బండిలో చేరిపోతుంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ముందే టిక్కు పెట్టి ఉంచిన గడుల ద్వారా సమ్మతి తీసుకోవడాన్ని నిషేధించాయి. 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మభ్యపెట్టే పద్ధతులను గుర్తించాయి. బాస్కెట్ స్నీకింగ్ అనే పేరుతో ఈ పద్ధతి కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఆమె ఏం చేయవచ్చు?

తడి తగిలిందన్న మాటను నోటితో విని ఊరుకోకూడదు. ఏ భాగంలో తడి కనిపించిందో జాబ్ షీట్ మీద రాయించుకుని, ఫోటో అడగాలి. ఆ కారణం సరైనదే అయితే పొడిగించిన వారంటీ మీద ఆమెకు హక్కు లేదు. అయితే, ఏ ప్రమాదం జరిగినా వర్తిస్తుందని నమ్మించి అమ్మారని రసీదు వల్లనో, ప్రకటన వల్లనో చూపగలిగితే ఆ 900 వాపసు అడగవచ్చు. కారణం సరైనది కాదని ఆమెకు అనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తరవాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఈ హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, కంపెనీతో మాట్లాడి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు దాని పరిధిలోకి వస్తాయి. ధర 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కంపెనీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు నివసించే చోటే దాఖలు చేసుకునే వీలును 2019 చట్టం కల్పించింది. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ఫోన్‌ను ప్రయోగశాలకు పంపవచ్చు. 3,000 రూపాయల కోసం ఇంత తిరుగుడు అవసరమా అన్న ప్రశ్న సహజమే. నష్టపరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చు కాని, వాయిదాలకు పోయే రోజు కూలిని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఫిర్యాదుకు గడువు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. దుకాణాల్లో యంత్రం మీద అచ్చయ్యే బిల్లులు చాలావరకు అంతకాలం నిలవవు, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. కొన్న రోజునే బిల్లును, వారంటీ కార్డును, పెట్టె మీది ఐఎంఈఐ సంఖ్యను ఫోటో తీయాలి. ఆ ఫోటోలను కొత్త ఫోన్‌లోనే ఉంచితే అది పాడైన రోజున అవి కూడా అందవు. ఇంట్లో మరొకరి ఫోన్‌కు పంపి ఉంచాలి.