వేట విరామంలో పడవ, మోటారు సంరక్షణ: తొలి వారమే కీలకం

సముద్ర మత్స్యసంపద పరిరక్షణ నిమిత్తం తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15వ తేదీ నుంచి జూన్ 14వ తేదీ వరకు 61 రోజులపాటు చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. 2015కు పూర్వం ఈ వ్యవధి 47 రోజులుగా ఉండేది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వాటికి విఘాతం కలుగరాదన్నది నిషేధం ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం కింద మెకనైజ్డ్ బోట్లకు, మోటారు అమర్చిన పడవలకు ఇది వర్తిస్తుంది. తెడ్లు, తెరచాపలతో నడిచే సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది.

ఈ విరామంలో మత్స్యకారులు ప్రధానంగా వలలు బాగు చేసుకుంటారు. వల చిరిగితే కంటికి కనిపిస్తుంది. మోటారు లోపల ఉప్పు, తేమ చేసే నష్టం కనిపించదు. వేట తిరిగి ప్రారంభమయ్యే జూన్ మధ్యనాటికి నైరుతి రుతుపవనాల ప్రభావంతో సముద్రంలో అలల ఉధృతి పెరుగుతుంది. అటువంటి వేళ తీరానికి దూరంగా మోటారు ఆగిపోతే నష్టపోయేది ఒక రోజు వేట మాత్రమే కాదు, పడవలోని వారి ప్రాణాలకే ముప్పు వాటిల్లుతుంది. అందువల్ల పడవను ఒడ్డుకు చేర్చిన తొలి వారంలోనే సంరక్షణ పనులు పూర్తి చేయడం ఎంతైనా అవసరం. చివరి వారం వరకు వేచి ఉంటే, అప్పటికే ఉప్పు తన పని తాను చేసి ఉంటుంది.

మంచినీటితో శుభ్రత: ఔట్‌బోర్డ్ మోటారు సముద్రపు నీటితోనే చల్లబడుతుంది. మోటారును ఆపిన తరువాత లోపలి నీటి దారులలో ఉప్పు పేరుకుంటుంది. మోటారు కింది భాగాన్ని మంచినీటి డ్రమ్ములో, నీటిని పీల్చుకునే రంధ్రాలు పూర్తిగా మునిగేలా ఉంచి, తక్కువ వేగంపై సుమారు పది నిమిషాలు నడపాలి. నీరు లేకుండా మోటారును క్షణమైనా నడపరాదు. అలా నడిపితే నీటి పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి.

ఇంధనం: కార్బురేటర్‌లో నిలిచిపోయిన పెట్రోలు కొన్ని వారాలకే జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ప్రస్తుతం లభిస్తున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక తీరప్రాంతంలో ఈ సమస్య మరింత ఎక్కువ. ట్యాంకును ఖాళీ చేసి, ఇంధన గొట్టాన్ని విడదీసి, కార్బురేటర్ అడుగున ఉండే స్క్రూను వదులు చేసి మిగిలిన ఇంధనాన్ని తీసివేయాలి. కిరోసిన్‌తో నడిచే మోటార్లను చివరగా కొంతసేపు పెట్రోలుపై నడిపిన తరువాతే ఈ పని చేపట్టాలి.

గేర్ ఆయిల్: పాత గేర్ ఆయిల్‌ను తీసి పరిశీలించాలి. అది పాలవలె తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరుతున్నట్లు అర్థం. ఫ్యాను ఇరుసుకు చుట్టుకున్న వల దారం సీలును కోసివేయడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. ఫ్యానును ఊడదీసి, దారం ముక్కలు తొలగించి, సీలు మార్చి, ఇరుసుకు గ్రీజు పూయాలి. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో కనిపించేవరకు నింపాలి.

సిలిండర్, జింకు పలక: స్పార్క్ ప్లగ్గు తీసి సిలిండర్‌లో కొద్దిగా ఇంజను ఆయిల్ వేసి, స్టార్టరు తాడును నాలుగైదు సార్లు నెమ్మదిగా లాగితే లోపలి గోడలకు తుప్పు పట్టదు. ఫోర్ స్ట్రోక్ మోటార్లలో ఇంజను ఆయిల్‌ను కూడా మార్చాలి. మోటారుకు అమర్చే జింకు పలక, తాను అరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడుతుంది. అది సగం మేర అరిగిపోతే కొత్తది వేయాలి. దానికి రంగు పూస్తే పనిచేయదు. మోటారును పడవ నుంచి విప్పి, నిలువుగా, నీడ ఉన్న చోట భద్రపరచాలి.

పడవ: ఫైబర్ పడవ అడుగున పట్టిన నాచు, గుల్లలను ఎండిపోకముందే గీకివేసి మంచినీటితో కడగాలి. పగుళ్లు ఉంటే పూర్తిగా ఆరిన తరువాతే రెజిన్‌తో అతకాలి. తడిపై వేసిన అతుకు నిలువదు. పడవను దుంగలపై, వెనుక భాగం కొంత వాలుగా ఉండేలా నిలిపి, అడుగు బిరడా తీసి ఉంచితే వాననీరు నిలువదు. ఎండ తగలకుండా, గాలి ఆడేలా టార్పాలిన్ లేదా తాటాకు కప్పాలి.

తుపాను ముప్పు: నిషేధ కాలంలోనే మే నెల తుపానుల ముప్పు కూడా ఉంటుంది. 1990 మే 9న కృష్ణా డెల్టాను తీవ్ర తుపాను తాకింది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఈ దృష్ట్యా పడవలను పోటు నీరు చేరని ఎత్తైన చోటికి తరలించి, బలమైన తాళ్లతో కట్టి ఉంచాలి.

వేటకు వెళ్లే ముందు: జూన్ మొదటి వారంలో కొత్త ఇంధనం, కొత్త ప్లగ్గుతో మోటారును డ్రమ్ములో నడిపి, చల్లబరిచే నీటిధార సక్రమంగా బయటకు వస్తున్నదీ లేనిదీ చూడాలి. లోపం బయటపడితే మరమ్మతుకు వ్యవధి మిగిలి ఉంటుంది. లైఫ్ జాకెట్లు, తెడ్లు, లంగరు పడవలో ఉండాలి. ఆపద వేళ కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554 ప్రతి మత్స్యకారునికీ తెలిసి ఉండాలి.

నిషేధ కాలపు భృతిగా 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్క మత్స్యకార కుటుంబానికి రూ. 20,000 అందజేసింది. పైన పేర్కొన్న పనులలో అధికభాగానికి కావలసింది ఒక డ్రమ్ము మంచినీరు, గేర్ ఆయిల్, గ్రీజు, ఒక ప్లగ్గు మాత్రమే. క్షేత్రస్థాయి సిబ్బంది ఏప్రిల్‌లో పడవలు ఒడ్డుకు చేరిన రోజులలోనే ఈ సూచనలను మత్స్యకార గ్రామాలకు చేరవేయగలిగితే, జూన్‌లో సముద్రంపైకి వెళ్లే ప్రతి పడవా భద్రంగా తిరిగి వచ్చేందుకు అవి తోడ్పడతాయి.