షికాగో జాజ్ మేళములు - లిల్ హార్డిన్ చరిత్రము

షికాగో యనగానే మనకు 1893లో స్వామి వివేకానందులు సర్వమత మహాసభలో ప్రసంగించిన నగరమను తలంపు కలుగును. ఆ పిమ్మట ముప్పది యేండ్లకు అదే నగరము జాజ్ సంగీతముచేత లోకప్రసిద్ధి గాంచెను. ఆ చరిత్రమున బాకా నూదిన పురుషుల పేళ్ళు చాలమంది యెఱుగుదురు. పియానో ముందు గూర్చున్న యొక స్త్రీ పేరు కొందఱే యెఱుగుదురు. ఆమెను గూర్చి చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయబూనితిమి.

మొదట ఆ సంగీత మెట్టిదో తెలియవలెను. మన విద్వాంసుడు కృతిని పాడి, అందొక పాదమును గైకొని నెరవు చేసి, స్వరములు కల్పించును గదా. ఆ కల్పన పుస్తకములో నుండదు, మనోధర్మమునుండి పుట్టును. జాజ్‌కును మనోధర్మమే ప్రాణము. మన కచేరీలో ప్రధాన విద్వాంసు డొక్కడు, తక్కినవి పక్కవాద్యములు. తొలినాటి జాజ్ మేళములోనన్ననో బాకా, క్లారినెట్టు, ట్రాంబోను మూడును ఏకకాలమున ఒకే పాటను దేని రీతిని అది యల్లుకొని పోవును. పియానో, బాంజో, డోళ్ళు లయను నిలుపును. అమెరికా దక్షిణమున న్యూ ఆర్లియన్సు రేవుపట్టణమున నల్లజాతివారి నడుమ ఇది పుట్టినది.

అక్కడ పుట్టినది షికాగోకు మనుష్యులతో వచ్చెను. దక్షిణ రాష్ట్రములలో బానిసత్వము తొలగినను నల్లజాతివారు వోటు లేక, వెలివాడవలె వేఱుపఱుపబడి, మూకల దౌర్జన్యమునకు వెఱచి బ్రదుకుచుండిరి. మొదటి మహాయుద్ధకాలమున ఉత్తరపు కార్ఖానాలకు పనివారు చాలక పిలుపు రాగా వేలకొలది కుటుంబములు రైలెక్కెను. షికాగోలో 1910లో 44,103 మంది నల్లజాతివారుండగా, 1930 నాటికి 2,33,903 మంది యైరి. అక్కడను వారికి పూలబాట లేదు. 1919లో చెలరేగిన జాతికలహములలో 38 మంది మృతిజెందిరి. తెల్లవారి వాద్యకారుల సంఘములో చోటు లేనందున నల్లజాతి వాద్యకారులు 1902లోనే వేఱుసంఘమును స్థాపించుకొనిరి. ఆ రెండు సంఘములు 1966లో గాని యేకము కాలేదు. అయినను పగలు కార్ఖానాలో కూలి తెచ్చుకొన్నవారు రాత్రి పాట వినగోరిరి. నగరపు దక్షిణభాగమున స్టేటు వీధిపొడవునను నృత్యశాలలు వెలసెను.

లిల్ హార్డిన్ 1898లో మెంఫిస్ పట్టణమున జనించెను. బాల్యముననే పియానో నేర్చి, ఫిస్కు విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, 1918లో తల్లితో షికాగో చేరెను. ఒక సంగీతపు దుకాణములో, కొనవచ్చినవారికి అచ్చు స్వరపత్రములను వాయించి వినిపించు పని దొరకెను. జీతము వారమునకు 3 డాలర్లు. అంతలో న్యూ ఆర్లియన్సు మేళ మొకటి ఆమెను పిలిచెను. స్వరపత్రము లేవి యని ఆమె యడుగగా, పత్రములు లేవు, రెండుమార్లు తట్టగానే వాయించుటయే యని వారు చెప్పిరట. వారికి ఆమె చేయి నచ్చెను. జీతము 27 డాలర్ల యర్ధ మయ్యెను. తరువాత ఆమె కింగ్ ఆలివర్ అను ప్రసిద్ధుని మేళమున జేరెను.

1922లో ఆలివర్ న్యూ ఆర్లియన్సునుండి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను యువకుని రెండవ బాకాకు రప్పించెను. అతడు గురుభక్తిచేత తన శక్తిని అణచుకొని వెనుక నిలిచెడివాడు. లిల్ అది గుర్తించెను. 1924 ఫిబ్రవరిలో వారికి వివాహమయ్యెను. గురువు నీడ విడిచి రమ్మని ఆమెయే భర్తకు బోధించి, ఆ సంవత్సరమే న్యూయార్కులో ఫ్లెచర్ హెండర్సను మేళమునకు పంపెను. మఱుసటి యేడు తన మేళములో వారమునకు 75 డాలర్ల జీతముపై మరల రప్పించి, ప్రపంచమున నాతనికి మించిన బాకావాదకుడు లేడని ప్రకటన వేయించెను. పూర్వము కైక యుద్ధభూమిలో దశరథుని రథము గాచినట్లు, ఈమె భర్త కీర్తిరథమును నడిపెనని మాకు దోచును.

1925 నవంబరు 12వ తేదీని అయిదుగురు కూడి షికాగోలో రికార్డులు ఇయ్య నారంభించిరి. ఆ రికార్డులచేతనే జాజ్ మార్గము మాఱినదని విద్వాంసులందురు. పియానో లిల్‌దే, అందు పెక్కు పాటల కల్పనయు ఆమెదే. రికార్డుపై నచ్చుపడిన పేరు మాత్రము లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మేళమని. 1927లో ఇచ్చిన ‘స్ట్రటిన్ విత్ సమ్ బార్బెక్యూ’ అను పాట తనదని నిరూపించుటకు ఆమె న్యాయస్థానమునకు బోవలసి వచ్చెను, గెలిచెను. కైక యడిగినవి వరములు. ఈమె యడిగినది తన సొత్తు.

మాటలాడు చిత్రములు వచ్చినంతనే సినిమాశాలల మేళముల కూడు పోయెను. పెక్కురు వాద్యకారులు న్యూయార్కునకు తరలిరి. లిల్ దంపతులు 1931లో ఎడబాసి, 1938లో విడాకులు పొందిరి. ఆమె సొంత మేళములు నడిపెను, పాటలు కట్టెను, కుట్టుపనియు నేర్చెను. ఆమె పాట ‘జస్ట్ ఫర్ ఎ థ్రిల్’ 1959లో రే చార్లెస్ పాడగా లోకమంతయు వినెను. 1971 జూలైలో లూయీ మరణించెను. ఆగస్టు 27వ తేదీని షికాగోలో జరిగిన ఆతని సంస్మరణ సభలో పియానో వాయించుచునే లిల్ ప్రాణములు విడిచెను.

భర్త గ్రంథమునకు శుద్ధప్రతి వ్రాసియిచ్చిన యిల్లాలి పేరు పీఠికలోనైన గానరాని యిండ్లను మే మెఱుగుదుము. ప్రేమతో చేసిన పనికి పేరెందుకని యనువారును గలరు. లిల్ ప్రేమతోనే చేసినది. అయినను తనదానిని తనదనుటకు సిగ్గుపడలేదు. అమ్మలారా! మీరు కట్టిన పాటక్రింద, కూర్చిన కథక్రింద, మీ పేరు మీరే వ్రాయుడు.