24 ట్రాకులు, 180 ఓవర్‌డబ్‌లు: బొహీమియన్ రాప్సొడీ టేపు కథ

ఈరోజు ఒక పాట గురించి మాట్లాడుకుందాం. అయితే దాని అర్థం గురించి కాదు, దాన్ని రికార్డ్ చేసిన టేపు గురించి. పాట క్వీన్ బ్యాండ్ వాళ్ల బొహీమియన్ రాప్సొడీ, 1975.

ఈ పాట మధ్యలో ఒపెరాలా ఒక భాగం వస్తుంది. వింటుంటే స్టేజి నిండా మనుషులు నిలబడి కోరస్ పాడుతున్నట్టు ఉంటుంది కదా? అక్కడ పాడింది ముగ్గురే. ఫ్రెడ్డీ మెర్క్యురీ (మన పంచగనిలో చదువుకున్న కుర్రాడే), గిటారిస్ట్ బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్. పైస్థాయి రోజర్‌ది, కిందిస్థాయి బ్రయాన్‌ది, మధ్యలో ఫ్రెడ్డీ.

సరే, ముగ్గురు అంతమందిలా ఎలా వినిపించారు?

1975 ఆగస్టులో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో పని మొదలుపెట్టారు. ప్రొడ్యూసర్ రాయ్ థామస్ బేకర్, ఇంజనీర్ మైక్ స్టోన్. ముందు పియానో, బాస్, డ్రమ్స్ రికార్డ్ చేసి, ఒపెరా కోసం మధ్యలో కొంచెం ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చిన్నదే. కానీ ఫ్రెడ్డీ వచ్చి 'ఇక్కడ ఇంకొక్క గెలీలియో పెడదాం' అన్నట్టు పెంచుకుంటూ పోయాడు, బేకర్ టేపు ముక్కలు అతికిస్తూ పోయాడు. రిక్వైర్‌మెంట్స్ మారిపోవడం ఒక్క ఐటీలోనే అనుకునేవాణ్ని నేను!

అప్పటి మెషిన్‌లో ఉన్నది 24 ట్రాకులు. ఓవర్‌డబ్‌లేమో సుమారు 180 అంటారు. 24 కుర్చీల్లో 180 మందిని కూర్చోబెట్టడం ఎలా?

దానికి వాడిన పద్ధతి పేరు బౌన్సింగ్. ఉదాహరణకి, ముగ్గురూ కలిసి ఒకే స్వరం పాడారు, ఒక ట్రాక్ నిండింది. అదే మళ్లీ పాడారు, రెండోది. ఇంకోసారి, మూడోది. అంటే తొమ్మిది గొంతులు. ఇప్పుడు ఆ మూడింటినీ కలిపి ఇంకో ట్రాక్ మీదికి ఎక్కిస్తారు. పాత మూడూ చెరిపేసి, వాటి మీద తర్వాతి స్వరం పాడతారు. ఇలా కార్డ్‌లోని ఒక్కో స్వరానికీ చేసి, ఆ కలిపినవాటిని మళ్లీ కలుపుతారు.

ఇక్కడే నాకు చెమటలు పడతాయి. ఒకసారి కలిపాక బ్రయాన్ గొంతు కొంచెం తగ్గించాలన్నా కుదరదు. ఫైనల్ మిక్స్‌లో తీసుకోవాల్సిన నిర్ణయం వాళ్లు వారాల ముందే, మిగతా గొంతులు ఇంకా పాడకముందే తీసుకోవాలి. మనకి కంట్రోల్ జెడ్ ఉంది. నేనొకసారి ఆఫీసులో బ్యాకప్ లేకుండా ఒక టేబుల్ డిలీట్ చేసి రాత్రంతా కూర్చున్నాను. వీళ్లు రోజుకి 10-12 గంటలు, దాదాపు 3 వారాలు అదే టెన్షన్‌తో పాడారు.

ఇంకో ప్రమాదం టేపుదే. టేపంటే ప్లాస్టిక్ మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పొడి. పాట ఉండేది ఆ పొడిలోనే. ఓవర్‌డబ్ చేసిన ప్రతిసారీ టేపు హెడ్‌కి రాసుకుంటూ తిరగాలి, ఆ రాపిడికి పొడి కొంచెం కొంచెం రాలిపోతుంది. ఒకరోజు టేపుని వెలుతురుకి ఎత్తి చూస్తే అవతలివైపు కనిపించిందట! కంగారుగా వేరే టేపు మీదికి కాపీ చేసుకున్నారు. కాపీ చేస్తే పాట బతుకుతుంది గానీ, చేసిన ప్రతిసారీ 'స్‌స్' అనే హిస్ పెరుగుతుంది, పదును తగ్గుతుంది. బౌన్స్ చేసినా అంతే.

ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒపెరా అయిపోయి గిటార్ ఒక్కసారిగా మీద పడే చోటు వినండి. నా చెవికైతే అప్పటిదాకా గొంతుల అంచులు కాస్త మసకగా, ఒకదాంట్లో ఒకటి కరిగినట్టు ఉంటాయి. గిటార్ రాగానే కిటికీ తెరిచినట్టు అవుతుంది. ఆ మసక లేకపోతే ముగ్గురు ముగ్గురిలానే వినిపించేవారేమో అని నా అనుమానం.

విని చూడండి. ఉంటాను మరి.