కళ్లద్దాలు ఎందుకు పెట్టుకోవడం లేదు?

ఉక్కు కర్మాగారంలోనో, ఓడరేవు వర్క్‌షాపులోనో గ్రైండింగ్ చేసే కార్మికుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం లేదనుకోండి. 'నిర్లక్ష్యం' అని మందలిస్తాం. రెండు రోజులు పెట్టుకుని మళ్లీ మానేస్తాడు. కానీ ఎగిరిన ఇనుప నలుసు ఒక్కటి కంట్లో దిగినా చూపే పోవచ్చు.

జ్వరం వస్తే కారణం తెలుసుకుని మందు ఇస్తారు గదా! పనిలో లోపానికీ అంతే. ప్రవర్తనా విశ్లేషణలో మనిషి స్వభావాన్ని తప్పుపట్టరు. ఆ పనికి ముందు ఏముంది, తర్వాత ఏం జరుగుతోంది అని చూస్తారు. 2000లో జాన్ ఆస్టిన్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పట్టికలో నాలుగు అంశాలున్నాయి. వాటిని మన ఉదాహరణకు ఇలా అన్వయించవచ్చు:

1. సమాచారం: ఎప్పుడు పెట్టుకోవాలో స్పష్టంగా చెప్పారా?
2. పరికరాలు: అద్దాలు చేతికందేచోట ఉన్నాయా? విశాఖ ఉక్కపోతకు ఆవిరి పట్టి మసకబారుతున్నాయా?
3. నైపుణ్యం: సరిగా బిగించుకోవడం నేర్పారా?
4. ఫలితం: పెట్టుకుంటే మెచ్చుకుంటున్నారా? లేక తీసేసి త్వరగా ముగించినవారికే శభాష్ అంటున్నారా?

కారణం మసకబారడమే అయితే ఎంత తిట్టినా లాభం లేదు. ఆవిరి పట్టని అద్దాలు ఇవ్వాలి.

1970 ప్రాంతంలో అమెరికాలోని ఎమెరీ ఎయిర్ ఫ్రైట్ అనే సరుకు రవాణా సంస్థలో, చిన్న పార్సిళ్లను నూటికి 90 సార్లు పెద్ద పెట్టెల్లో కలిపి పంపుతున్నామని సిబ్బంది నమ్మేవారు. లెక్కిస్తే తేలింది 45. ఎవరి లెక్క వారే రాసుకోవడం, పైవారు మెచ్చుకోవడం మొదలయ్యాక అది 95కి చేరింది.

మీ ఇంట్లో డ్యూటీకి వెళ్లేవారిని కోప్పడే ముందు, "పెట్టుకుంటే ఏమిటి ఇబ్బంది?" అని అడగండి. ఆ జవాబును సూపర్‌వైజరుకు చెప్పమనండి. కంట్లో నలుసు పడితే మాత్రం నలపకుండా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.