యుద్ధక్షేత్రంలో జీవాయుధ కారకాల గుర్తింపు: పద్ధతులు, పరిమితులు

ఉపోద్ఘాతం

రసాయన ఆయుధాలలో చాలావాటి ప్రభావం నిమిషాల్లోనే శరీరంపై కనిపిస్తుంది. జీవాయుధం అలా కాదు. గాలిలో కలిసిన ఆంత్రాక్స్ సిద్ధబీజాలు కంటికి కనబడవు, వాసన రావు. వాటిని పీల్చిన సైనికుడు కొన్ని రోజులపాటు ఆరోగ్యంగానే తిరుగుతాడు. లక్షణాలు ముదిరిన తరువాత చికిత్స ఫలించడం కష్టం. 1979లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుండి ఈ సిద్ధబీజాలు వెలువడి కనీసం 66 మంది మరణించారు. అక్కడి ప్రజలకు తొలి హెచ్చరిక రోగుల రూపంలోనే అందింది. ఆ హెచ్చరికను యంత్రం ద్వారా ముందుగా పొందడమే క్షేత్ర గుర్తింపు వ్యవస్థల లక్ష్యం.

పనిచేసే తీరు

1991 గల్ఫ్ యుద్ధంలో ఈ రంగంలోని లోటు అమెరికా సైన్యానికి స్పష్టమైంది. ఆ తరువాత వాహనంపై అమర్చిన ‘బిడ్స్’ వ్యవస్థను రూపొందించుకున్నది. ఇటువంటి వ్యవస్థలు దశలవారీగా పనిచేస్తాయి. మొదట, గాలిలోని కణాలపై లేజర్ కాంతి ప్రసరింపజేస్తారు. జీవకణాలలోని ట్రిప్టోఫాన్ వంటి పదార్థాలు అతినీలలోహిత కాంతిని గ్రహించి ప్రతిదీప్తిని వెలువరిస్తాయి. అది అనుమానానికి ఆధారం మాత్రమే. రెండవ దశలో ఆ గాలిలోని కణాలను ద్రవంలోకి సేకరిస్తారు. మూడవ దశలో ప్రతిరక్షకాలు పూసిన పట్టీపై ఆ ద్రవాన్ని పరీక్షిస్తారు. గర్భనిర్ధారణ పట్టీ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. తుది నిర్ధారణ ప్రయోగశాలలో పి.సి.ఆర్. వంటి పరీక్షలతో జరుగుతుంది.

పరిమితులు

పుప్పొడి, కొన్ని రకాల పొగలు కూడా ప్రతిదీప్తిని చూపగలవు. నిమిషానికొకసారి గాలిని పరిశీలించే యంత్రం రోజుకు 1440 నిర్ణయాలు చేస్తుంది. వెయ్యింటికి ఒకటి తప్పినా దాదాపు రోజూ ఒక తప్పుడు హెచ్చరిక తప్పదు. పదేపదే అకారణంగా ముసుగు ధరించిన దళం నిజమైన హెచ్చరికను సైతం నమ్మదు. యంత్రం సున్నితత్వాన్ని తగ్గిస్తే అసలు దాడే కంటపడకపోవచ్చు. పైగా, ఏ కారకాలకు పట్టీలు సిద్ధం చేశారో వాటినే అవి గుర్తించగలవు.

ముగింపు

1975లో అమలులోకి వచ్చిన జీవాయుధ నిషేధ ఒప్పందంలో తనిఖీ యంత్రాంగం లేదు. అందువల్ల గుర్తింపు వ్యవస్థల అవసరం తీరిపోలేదు. అయితే యంత్రం ఇచ్చేది సంకేతమే. దానిని వాతావరణ సమాచారంతో, వైద్యుల పరిశీలనతో సరిచూసుకున్నప్పుడే అది సకాలంలో మందు అందించగల నిర్ణయంగా మారుతుంది.