పాత అంబాసిడర్‌కు వేరే ఇంజిన్ వేయిస్తున్నారా? బయానా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.. లేదంటే ఆర్సీకే ఎసరు!

బాన్సువాడ: ఇంటి వెనక రేకుల షెడ్డు.. అందులో ఏపీ 25 నంబరుతో దుమ్ముకొట్టుకుపోయిన అంబాసిడర్. నాన్న కొన్న బండి కాబట్టి అమ్మబుద్ధి కాదు. స్టార్ట్ చేస్తే మాత్రం నీలం పొగ. చూసినోళ్లంతా ఒకటే మాట.. "ఇంజిన్ బోరుకొచ్చింది, స్క్రాప్‌లో స్విఫ్ట్ ఇంజిన్ తెచ్చి ఎక్కించేయ్."

వినడానికి చవకగానే ఉంటుంది. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది.

స్విఫ్ట్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. అంబాసిడర్‌లో నిలువుగా ఉండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనక చక్రాలను తిప్పుతుంది. అంటే మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయించాలి, గేర్‌బాక్స్ వేరేది వెతకాలి, షాఫ్ట్ కొలత మార్పించాలి. వైరింగ్, సెన్సర్లు, ఫ్యూయల్ పంప్ అదనం. రేపు ఏదైనా పాడైతే, ఈ అతుకుల బండిని విప్పడానికి కొత్త మెకానిక్ ముందుకు రావడం కూడా కష్టమే.

మరి ఏది వేస్తే నయం? జవాబు హిందుస్థాన్ మోటార్స్ ఎప్పుడో ఇచ్చేసింది. పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో నడిచిన అంబాసిడర్‌కు, 1990ల మొదట్లో కంపెనీయే 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్స్ పెట్టింది. కాంటెస్సాలోనూ ఇదే ఇంజిన్ వచ్చింది. కొంటే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి ఒకే బండివి కొనాలి. విడివిడిగా కొంటే బేరం కలిసొచ్చినట్టే ఉంటుంది, లేత్ పని దగ్గర తేలిపోతుంది. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పవర్ పెరిగితే బ్రేకులూ పెంచాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే మన దగ్గర రేడియేటర్ సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రీమియర్ పద్మినిదీ వెనక చక్రాల డ్రైవే. దాని 1089 సీసీ ఇంజిన్ బదులు ఏదైనా వేయాలనుకుంటే, నిలువుగా కూర్చునే జిప్సీ, ఓమ్నీ ఇంజిన్లతో తిప్పలు కాస్త తక్కువ.

అసలు మెలిక ఆర్సీలో ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని, కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు. కానీ 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఇంజిన్ నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతారు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ అదే చిక్కు.

50 ఏళ్లు దాటిన బండి అయితే ఇంకో నష్టం. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు (ఫీజు రూ.20,000, పదేళ్ల గడువు) బండి ఒరిజినల్ రూపంలోనే ఉండాలి. ఇంజిన్ మారిస్తే ఆ అవకాశం పోయినట్టే. అయితే వింటేజ్ నంబరు బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. బోధన్‌కో, నిజామాబాద్‌కో పని మీద వెళ్లేవాళ్లకు అది పనికిరాదు.

అందుకే ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. నీలం పొగ వస్తోందంటే లోపల ఆయిల్ కాలుతోందని అర్థం. చాలాసార్లు రింగులు, వాల్వ్ సీళ్లతోనే సరిపోతుంది. అరుగుదల ఎక్కువైతే బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయిస్తారు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగినా, దశాబ్దాల పాటు ట్యాక్సీలుగా తిరిగిన బండి కావడంతో పార్టుల కోసం మరీ తిరగాల్సిన పని లేదు. పైగా బ్లాక్ అదే, నంబరు అదే.. ఆర్సీతో పేచీ లేదు.

బ్లాకే పగిలి, మార్చక తప్పదంటే మాత్రం అమ్మేవాళ్ల దగ్గర బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్సీ కాపీ అడగండి. వాటితో కామారెడ్డి రవాణా కార్యాలయంలో అనుమతి దొరుకుతుందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే బయానా ఇవ్వండి. కాగితాలు లేని ఇంజిన్ సగం ధరకే ఇస్తామన్నా తీసుకోవద్దు. అది దొంగ బండిది కాదని రేపు నిరూపించుకోవాల్సింది మీరే.